ఏడు రాత్రుల్లో ఐదు పార్కులా?

ప్రశ్న: ఆగస్టులో మేం నలుగురం, అంటే నేను, మావారు, తొమ్మిదేళ్ళ పాప, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు, సఫారీకి వెళ్దామనుకుంటున్నాం. ఏజెంటు ఏడు రాత్రుల ప్యాకేజీ పంపాడు. కెన్యాలో అంబోసెలి, నకురు, మసాయి మారా, ఆ తర్వాత టాంజానియాలో సెరెంగెటి, న్గోరోంగోరో. అన్నీ రోడ్డు మీదే. 'బిగ్ ఫైవ్ గ్యారంటీ' అని కూడా రాశాడు. అత్తగారికి నడుం నొప్పి ఉంది, అదొక్కటే టెన్షన్. అడ్వాన్సు కట్టెయ్యమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఈ ప్యాకేజీకి మాత్రం కట్టకండి.

ఐదూ చూడదగ్గ చోట్లే. చిక్కంతా వాటి మధ్య ఉన్న రోడ్డుతో. మ్యాపులో మారా, సెరెంగెటి ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఆ గడ్డినేల మీద జంతువులు ఇటూ అటూ తిరుగుతూనే ఉంటాయి, వాటికి వీసా గొడవ లేదు. మనం రోడ్డున వెళ్ళాలంటే పడమటి వైపు ఇసెబానియా దాకా పోయి, పాస్‌పోర్టుల మీద ముద్రలు వేయించుకుని, కెన్యా బండి దిగి టాంజానియా బండి ఎక్కాలి. దాదాపు ఒక రోజు దానికే పోతుంది. కెన్యాకి ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ (ప్రయాణ అనుమతి) తీసుకోవాలి, టాంజానియాకి వేరే వీసా. తూర్పు ఆఫ్రికా టూరిస్టు వీసా అని ఒకటుంది గానీ, అది కెన్యా, ఉగాండా, రువాండాలకే. చాలామంది అక్కడే బోల్తా పడతారు.

గతుకుల రోడ్లని అక్కడి డ్రైవర్లు 'ఆఫ్రికన్ మసాజ్' అంటారు. మొదటి రోజు మనమూ నవ్వుతాం. మూడో రోజుకి నా నడుమే పట్టేసింది. మీ అత్తగారిని రోజుకి ఆరేడు గంటలు అలా కూర్చోబెడితే ఆవిడ సింహాన్ని కాదు, మిమ్మల్ని చూస్తారు.

ఇక గ్యారంటీ. అడవిలో గ్యారంటీ ఇచ్చేవాణ్ణి నమ్మకండి. అసలు బిగ్ ఫైవ్ అనేది వేటగాళ్ళ మాట. కాలినడకన వేటాడటానికి బాగా ప్రమాదకరమని వాళ్ళు లెక్కేసిన ఐదు: సింహం, చిరుతపులి, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం. జిరాఫీ, చీతా అందులో లేవు. నా మొదటి ట్రిప్పులో నేనూ ఆ ఐదింటి పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. డ్రైవరు రేడియోలో ఎవరేం చెబితే అటు పరుగు. చిరుతపులిని చూశాననే చెప్పుకోవాలి: పాతిక బండ్ల వెనక, చెట్టుకొమ్మ మీంచి వేలాడుతున్న తోక. రెండోసారి ఒకే క్యాంపులో నాలుగు రాత్రులు ఉన్నాను. ఒక పొద్దున హైనాల బొరియ దగ్గర గంటన్నర బండి ఆపేశాం. నల్లటి పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చి మా టైరు వాసన చూశాయి. ఆ కాగితంలో హైనా లేనే లేదు.

అందుకని కెన్యా ఒక్కటే పెట్టుకోండి. మారాలో నాలుగు రాత్రులు, నకురులో రెండు. ఖడ్గమృగాలు కనబడే అవకాశం నకురులోనే ఎక్కువ. ఏడో రాత్రి నైరోబీలో విశ్రాంతి. మారాకి వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఒక్కవైపైనా నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి నడిచే చిన్న విమానం ఎక్కించండి. గంట లోపే పని. కాకపోతే సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. నేను గట్టి సూట్‌కేసుతో వెళ్తే లోపల పట్టదని అక్కడే ఉంచేశారు. నాలుగు రోజులు రెండు జతలతో గడిపాను. ఫొటోలన్నిట్లో ఒకటే చొక్కా.

డబ్బు కట్టే ముందు ఏజెంటుని నిలదీయాల్సినవి కొన్నున్నాయి. బండి మన నలుగురికేనా, వేరేవాళ్ళు కూడా ఎక్కుతారా? అందరికీ కిటికీ సీటు ఉంటుందా? పార్కు ఫీజు ధరలో కలిసిందా? ఇది చిన్న మొత్తం కాదు. 2024 జూలై నుంచి మారా రిజర్వులో విదేశీ పెద్దవాళ్ళకి జూలై-డిసెంబరు నెలల్లో రోజుకి 200 డాలర్లు, జనవరి-జూన్‌లో 100. మీ పాప వయసుకి 50. రిజర్వు గేటు నుంచి క్యాంపు ఎంత దూరమో కూడా అడగండి. రిజర్వుని ఆనుకుని నబోయిషో, మారా నార్త్ లాంటి కన్జర్వెన్సీలు ఉన్నాయి. అక్కడి మసాయి తెగవాళ్ళ నేలని అద్దెకి తీసుకుని నడుపుతారు. ఖరీదెక్కువే గానీ బండ్ల గుంపు ఉండదు, రాత్రిపూట సఫారీ కూడా ఉంటుంది. కొన్ని క్యాంపులు చిన్నపిల్లల్ని రానివ్వవు, పాప వయసు ముందే చెప్పండి.

ఆగస్టులో నూ (వైల్డ్‌బీస్ట్ అనే గడ్డి మేసే జంతువు) గుంపులు సాధారణంగా మారా నది దగ్గరే ఉంటాయి. నది దాటడం మాత్రం వాటి ఇష్టం. ఒడ్డు దాకా వస్తాయి, మొసళ్ళని చూసో, ఊరికేనో వెనక్కి తిరుగుతాయి. నేను ఐదు గంటలు కూర్చున్నాను, ఒక్కటీ దిగలేదు. పాపకి ముందే చెప్పి ఉంచండి.

మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ పది రోజుల తర్వాతే చెల్లుతుంది, కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొద్దు. మారా 1,500 మీటర్ల పైన ఉంది, తెల్లవారుజామున బండిలో వణుకు పుడుతుంది. అత్తగారికి శాలువా మర్చిపోకండి. ప్లాస్టిక్ కవర్లు ఒక్కటి కూడా వద్దు, కెన్యాలో 2017 నుంచి నిషేధం.

ప్రశ్న: ఏప్రిల్‌లో వెళ్తే చాలా చవక అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే, చవక ఎందుకో కూడా తెలుసుకోండి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. మారాలో చాలా భాగం నల్లరేగడి. నల్లరేగడిలో బండి దిగబడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మేం దిగబడ్డాం, వెనక బండి వచ్చి తాడు కట్టి లాగేసరికి రెండు గంటలు. బూట్లు అక్కడే వదిలేశాను. జనం లేని పచ్చటి మైదానం మాత్రం అద్భుతం. ఓపికుంటే వెళ్ళండి. లేదంటే ఫిబ్రవరిలో సెరెంగెటి దక్షిణాన న్డూటూ వైపు చూడండి. నూ గుంపులు ఈనే కాలం అది. పుట్టిన కాసేపటికే లేచి పరుగెత్తే దూడలు, వాటి కోసం కాచుకున్న చీతాలు. దూడని పట్టుకెళ్తుంటే చూడలేని వాళ్ళు ముందే ఆలోచించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డ్రోన్ తెస్తానంటున్నాడు.

జవాబు: ఇంట్లో పెట్టి రమ్మనండి. అనుమతి పత్రం లేకపోతే నైరోబీ ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఆ డబ్బుతో మనిషికో బైనాక్యులర్ కొనండి, 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) అయితే చాలు. ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఉంటే, అది మీ చేతికొచ్చేసరికి చిరుతపులి చెట్టు దిగిపోతుంది.