బొమ్మ వెయ్యనిదే ఎక్స్ అనకు

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీ చూశాను. "ఒక దీర్ఘచతురస్రాకారపు స్థలం పొడవు వెడల్పు కంటే 4 మీటర్లు ఎక్కువ. కర్ణం 20 మీటర్లు. పొడవు, వెడల్పు ఎంత?" లెక్క చిన్నదే. కానీ నువ్వు చదివీ చదవగానే సమీకరణంలోకి దూకేశావు. బొమ్మ ఏదమ్మా?

మొదటి వాక్యం చదవగానే ఆగి దీర్ఘచతురస్రం గియ్యి. రెండో వాక్యం చదివి మూల నుంచి మూలకి గీత గీసి, 20 అని రాయి. లంబకోణ త్రిభుజం కనపడిందా? పైథాగరస్ సిద్ధాంతం (రెండు భుజాల వర్గాలు కూడితే కర్ణం వర్గం) వాడాలని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తెలియనిదానికి పేరు పెట్టు. పరీక్షలో ఎక్స్ అనే రాసుకో, ఇక్కడ మాత్రం వెడల్పుని "వె" అంటాను. ఎక్స్ దేనికి పెట్టామో మర్చిపోయి, వెడల్పు కనుక్కుని పొడవు అని రాసేసే పిల్లల్ని చాలామందిని చూశాను. రెండింట్లో చిన్నదానికే పేరు పెడితే పెద్దది వె + 4 అవుతుంది, మైనస్‌ల గొడవ ఉండదు.

వె² + (వె + 4)² = 400

ఇక్కడిదాకా నీదీ సరే. తర్వాత లైనులో (వె + 4)² ని వె² + 16 చేశావు. సూత్రం రాకపోవడం కాదిది, సూత్రం లోపల ఏముందో చూడకపోవడం. భుజం వె + 4 ఉన్న చతురస్రం గీసి, రెండు వైపులా 4 దగ్గర అడ్డంగా, నిలువుగా గీతలు గియ్యి. నాలుగు ముక్కలొస్తాయి: పెద్ద చతురస్రం వె², మూలన చిన్న చతురస్రం 16, మధ్యలో రెండు పట్టీలు, ఒక్కోటి 4వె. ఆ రెండు పట్టీల్నీ నువ్వు పారేశావు. కాబట్టి,

2వె² + 8వె + 16 = 400

రెండు వైపులా 16 తీసేసి 2తో భాగించు. "అవతలికి పంపితే గుర్తు మారుతుంది" అని గొణుక్కోవద్దు, ఏం చేస్తున్నావో అదే అను.

వె² + 4వె = 192

ఒక్క నిమిషం ఆగి చూడు, అంటే వె(వె + 4) = 192. వెడల్పుని పొడవుతో గుణించినట్టే కదా? భుజాలు తెలియకముందే వైశాల్యం వచ్చేసింది! ఇలాంటివి దొరికినప్పుడు నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

గుణిస్తే 192, తేడా 4 రావాలి: 12, 16. అంటే (వె + 16)(వె − 12) = 0. −16 కూడా సమీకరణానికి సరిపోతుంది, కానీ వెడల్పు ఋణసంఖ్య కాదు. ఎందుకు వదిలేశావో ఆ ఒక్క ముక్కా కాగితం మీద రాయి.

సరిచూసుకోవడం మానకు. 144 + 256 = 400. నీ జవాబు ప్రకారం వెడల్పు 13.86, పొడవు 17.86, వర్గాలు కూడితే 500 దాటిపోతోంది. అర నిమిషం పని, తప్పు అక్కడే పట్టుబడేది.

రేఖాగణితం నిరూపణల్లోనూ ఇంతే, ప్రతి లైను పక్కన కారణం ఉండాలి.

ఇప్పుడు తేడా 5, కర్ణం 25 పెట్టి మళ్లీ చెయ్యి. ఫోటో పంపేటప్పుడు రఫ్ కూడా పంపు, కొట్టివేతలు చెరపకుండా.

ఇట్లు,
తాతయ్య