కవర్ డిజైన్ చేస్తున్న శ్రావ్యకు పెద్దమ్మ ఉత్తరం

చి. శ్రావ్యకు ఆశీస్సులు.

కాలేజీ ప్రాజెక్టుగా చేస్తున్న పాటల సీడీ కవర్ కోసం నువ్వు పంపిన మూడు డిజైన్లూ చూశాను. రంగులు చాలా నచ్చాయి. అయితే మూడింటిలోనూ ముఖచిత్రం తప్ప ఇంకేమీ లేదు. మీ మేడమ్ అడిగింది డిజిప్యాక్, అంటే అట్టతో మడిచే సీడీ కవర్, కదా తల్లీ! ముందు అట్ట, వెనక అట్ట, సన్నటి వెన్ను, లోపలి రెండు వైపులు, సీడీ మీద లేబుల్, ఇవన్నీ కలిస్తేనే ప్యాకేజీ. అది చేత్తో పట్టుకుని తెరిచే వస్తువు. అందుకని కంప్యూటర్ కాసేపు పక్కన పెట్టి, మొదట ఖాళీ అట్టతో డమ్మీ, అంటే నమూనా, చెయ్యి.

ఒక్కో వైపు సుమారు 140 మిల్లీమీటర్ల వెడల్పు, 125 ఎత్తు అనుకో. కచ్చితమైన కొలతల కోసం ప్రెస్సువాళ్ళ టెంప్లేట్ అడిగి తీసుకో. అట్ట విప్పి పరిస్తే బయటివైపు ముఖచిత్రం కుడిపక్కన వస్తుంది, వెనక అట్ట ఎడమపక్కన, మధ్యలో వెన్ను. కొత్తవాళ్ళు చాలామంది దీన్ని తారుమారు చేస్తారు, మడిచి చూసేదాకా తెలియదు. సీడీ అడ్డకొలత 120 మిల్లీమీటర్లు, మధ్యలో రంధ్రం 15. నీ రెండో డిజైన్‌నే సీడీ లేబుల్‌కి కూడా వాడదామనుకుంటే, ఆ రంధ్రం పాడే అమ్మాయి ముక్కు మీద పడుతుంది. లోపల పారదర్శకమైన ట్రే పెట్టించు. సీడీ తీయగానే దాని కింద బొమ్మ బయటపడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. అక్కడ ఏం దాచాలో బాగా ఆలోచించు.

ఇక బొమ్మ సంగతి. ఆల్బమ్ పేరు ‘చివరి బస్సు’ అన్నావు, పాటలూ వినిపించావు. రాత్రి కోఠీ బస్టాపులో ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి కథ అది. మరి కవర్ మీద చార్మినార్, గిటార్, మైకు ఎందుకొచ్చాయి? చార్మినార్ అంటే నాకూ ప్రాణమే. కానీ నీ పాటల్లో ఒక్కటీ అక్కడ జరగదు. హైదరాబాద్ అని చెప్పడానికి సుల్తాన్ బజార్‌లో మూసేసిన షట్టర్లు చాలు, బస్సు నుదుటి మీది బోర్డు చాలు, కిటికీ కమ్మీ పట్టుకున్న చెయ్యి చాలు. పాటలు మళ్ళీ విను. వింటూ మనసులో మెదిలిన వస్తువుల పేర్లు కాగితం మీద రాసుకో. అందులోంచి ఒక్కటి ఎంచుకుని దాన్నే ప్యాకేజీ అంతా నడిపించు. బస్సు హెడ్‌లైట్ అనుకుందాం. ముఖచిత్రంలో దూరంగా చిన్న పసుపు చుక్క, తెరిచాక పెద్ద వెలుగు, సీడీయే గుండ్రటి దీపం. అది తీస్తే కింద ఖాళీ బస్టాపు. అలా చేస్తే కవర్ కూడా పాటల కథనే చెబుతుంది.

రిపోర్టులో చరిత్ర కూడా రాయాలన్నావు. గ్రామఫోన్ రికార్డులను ఒకప్పుడు మామూలు అట్టల్లో పెట్టి అమ్మేవారు. 1940లో కొలంబియా రికార్డ్స్‌లో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువ డిజైనర్ వాటి మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఎల్పీ, క్యాసెట్ ఇన్లే కార్డు, సీడీ, ఇప్పుడు ఫోన్‌లో గోరంత బొమ్మ వరకూ రాయి. ఆ గోరంత సైజులో నీ కవర్ గుర్తుపట్టగలమా లేదా అన్నది కూడా చూసుకో.

అక్షరాల దగ్గర మాత్రం తొందరపడొద్దు. ‘బస్సు’లో స కింద వత్తు ఉంది. నీ డిజైన్‌లో అది ఊడిపోయి ‘బస్‌సు’ అయి కూర్చుంది. ఫోటోషాప్‌లో టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకుంటే వత్తులు సరిగ్గా పడతాయి. రామభద్ర, మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేరుకు మాత్రం చేత్తో రాసి చూడమంటాను. బాపు గారి రాత చూడు, అక్షరం చూస్తేనే ఎవరిదో తెలిసిపోతుంది. ఇంకో మాట. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ల దూరం తెలుగుకు చాలదు, పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. వెన్ను మీద పేరును అక్షరం కింద అక్షరంగా పేర్చకు. లైను మొత్తాన్ని పక్కకు తిప్పి పై నుంచి కిందికి చదివేలా పెట్టు.

ఫోటోలు నువ్వే తియ్యి. నెట్‌లోంచి తీసుకున్నవి ఎవరివో తెలియకుండా వాడొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, ఫ్రెండ్స్‌ని డాక్యుమెంట్‌గా పంపమను. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) ఒక్క వైపు వెడల్పే బ్లీడ్‌తో, అంటే కత్తిరింపులో పోయే అంచుతో, కలిపి సుమారు 1,700 పిక్సెల్స్ కావాలి. బ్లీడ్ కోసం బొమ్మను చుట్టూ 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించు. స్క్రీన్ మీద మెరిసే నీలం, సీఎంవైకేలోకి, అంటే ప్రెస్సు వాడే నాలుగు ఇంకుల రంగుల్లోకి, మార్చగానే మందగిస్తుంది, ముందే మార్చి చూసుకో. చిన్న అక్షరాలను ఒక్క నల్ల ఇంకుతోనే వెయ్యి, నాలుగు రంగులు కలిపితే అంచులు అలికినట్టు వస్తాయి. ఫైల్ ఇచ్చేముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్స్‌గా (ఫాంటు అక్కర్లేని బొమ్మగీతలుగా) మార్చు, నీ ఫాంటు ప్రెస్సులో ఉండకపోవచ్చు.

చిక్కడపల్లిలో ఏదైనా డిజిటల్ ప్రెస్సులో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) ఆర్ట్ కార్డు మీద ఒక్క కాపీ ప్రూఫ్ తీయించు. మడత దగ్గర క్రీజింగ్, అంటే మడిచేముందు గాడి నొక్కడం, తప్పకుండా చేయించు, లేకపోతే ముదురు రంగు పగిలి తెల్లగీత పడుతుంది. సబ్మిషన్ ముందురోజు రాత్రి ప్రెస్సుకు పరిగెత్తే టెన్షన్ వద్దు, వారం ముందే వెళ్ళు. వెనక అట్ట మీద తబలా వాయించిన అబ్బాయి పేరు మరిచిపోకు. పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు, రికార్డు చేసినవాళ్ళు, అందరి పేర్లూ వాళ్ళకే చూపించి స్పెల్లింగ్ సరిచేయించుకో.

ఆదివారం డమ్మీ తీసుకుని ఇంటికి రా. స్టీల్ స్కేలు, కటింగ్ మ్యాట్ నా దగ్గర ఉన్నాయి, బ్లేడు మాత్రం కొత్తది కొనుక్కురా.

ప్రేమతో,
పెద్దమ్మ