నవ్వు పాఠంలకెల్లే రావాలె

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. ములుగు దిక్కు బడిల తొమ్మిదో తరగతి పిల్లలకు చంద్రయాన్, ఏఐ అసొంటి కొత్త సంగతులు నవ్వించుకుంట చెప్పాలనుకుంటున్నవు, జోకులు యాడ దొరుకుతయి పెద్దబాపూ అని అడిగినవు. బయట వెతకకు. సంబంధం లేని జోకు వేస్తే పిల్లలు ఇంటికి జోకునే తీసుకపోతరు, పాఠం బడిలనే ఉంటది. సంగతి అర్థమైతేనే వచ్చే నవ్వు ఒకటుంటది, నీకు కావల్సింది అది.

చందమామ మీద నడిచిన బండి, ప్రజ్ఞాన్ రోవర్‌నే తీసుకో. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినంక, 26 కిలోల ఆ బండి సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున నడిచింది. ఊరికె బోర్డు మీద రాస్తే ఎవ్వరికీ ఏమనిపించదు. "ప్రజ్ఞాన్ మన క్లాసులనే చదువుతున్నదనుకోండ్రి. ఇల్లు బడికి వంద మీటర్లు. తొమ్మిదిన్నర బెల్లుకు అందాలంటే ఎన్నింటికి బయలెల్లాలె?" అని అడుగు. లెక్క వాళ్లనే చెయ్యనియ్యి. పదివేల సెకన్లు, అంటే దగ్గర దగ్గర రెండు గంటల నలభై ఏడు నిమిషాలు. "పొద్దుగాల ఆరు నలభైకే!" అని ఎవడో ఒకడు అరుస్తడు, క్లాసంత గొల్లుమంటది. "గింత మెల్లగ ఎందుకు మేడం?" అనే ప్రశ్న అప్పుడు వాళ్ల నోట్లకెల్లే వస్తది. ఆ ప్రశ్న వచ్చేదాక నువ్వు జవాబు చెప్పకు. ఎండ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటే దానికి ఆధారం. అది ఫొటోలు పంపాలె, ఇక్కడోళ్లు చూసి దారి చెప్పాలె. సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరం, సిగ్నల్ ఒకవైపు పోనీకే సెకను దాటుతది. ఆగస్టు 27న నాలుగు మీటర్ల వెడల్పు గుంత మూడు మీటర్ల ముందల కనపడితే దాన్ని వెనక్కి మళ్లించిన్రు. ఈ మాట చెప్పినంక మళ్ల ఎవ్వరూ దాని నడకను ఎక్కిరియ్యరు.

చందమామ మీద గాలి లేదని చెప్పేటప్పుడు మన వరంగల్ బిడ్డ, మిమిక్రీ చేసిన నేరెళ్ల వేణుమాధవ్ గారిని యాది చెయ్యి. ఎన్ని గొంతులు పలికించిన మనిషైనా, అక్కడ నిలబడి గొంతెత్తితే పక్కనున్నోళ్లకు ఒక్క ముక్క వినపడదు.

చిందు యక్షగానంల నవ్వించే వేషం, బుడ్డర్‌ఖాన్‌ను చూసినవు గద. రాజులు, దేవతల నడుమ అడ్డమొచ్చి, మనకు అడగాలనిపించి అడగలేనిది అడుగుతడు. నీ క్లాసుల ఆ వేషం నువ్వే కట్టు, పిల్లలకు ఇయ్యకు. రామప్ప గుడి మీకు దగ్గరనే ఉన్నది. శిఖరం బరువు తగ్గాలని కట్టిన ఆ ఇటుక నీళ్ల మీద తేలుతదని వాళ్లకు చిన్నప్పటి సంది తెలుసు. "నీళ్ల మీద తేలే ఇటుక గాలిల ఎందుకు తేలదు? ఎనిమిది వందల ఏండ్ల నుంచి గుడి ఎగిరిపోకుండ ఎవరు పట్టుకున్నరు?" అని అమాయకంగ అడుగు. నవ్వుతరు, ఆ తర్వాత తన్లాడుతరు. నీళ్లు గాలి కంటె సుమారు ఎనిమిది వందల రెట్లు బరువని తేలినప్పుడు, సాంద్రత అనేది పరీక్షల కోసం బట్టీ పట్టే సంగతి కాకుండ పోతది.

ఏఐ గురించి చెప్పనీకి సామాన్లేం అవసరం లేదు. పిల్లలను వరుసగ నిలబెట్టి, "మా తాత మేడారం జాతరకు" అని మొదలుపెట్టి, ఒక్కొక్కరిని ఒక్కొక్క మాట కలపమను. వరుస ముగిసేసరికి తాత ట్రాక్టరుకు బెల్లం తినిపిస్తుంటడు. వాక్యం పొందికగనే ఉంటది, జరిగింది మాత్రం కాదు. ముందటి మాటలను బట్టి తర్వాతి మాటను అంచనా కట్టుడే మాటలు రాసే ఏఐ కూడ చేస్తది. బోలెడంత రాత చదివి, లెక్కలతోని చేస్తది. అందుకే అబద్ధాన్ని కూడ తొణక్కుండ చెప్పగలదు. పక్క క్లాసు టీచర్‌కు మాత్రం ముందే చెప్పిపెట్టు, ఆ రోజు మస్తు గోల ఉంటది.

తప్పు జవాబు చెప్పిన పిల్లను చూసి ఎవ్వరినీ నవ్వనియ్యకు. గ్రహణం నాడు బయటికి రావద్దన్న ఆమె నాయినమ్మను చూసి అసలే వద్దు. నాయినమ్మ మీద నవ్విన పాఠం ఆ ఇంటి గడప దాటదు. సూర్యగ్రహణం నాడు చెట్టు కింద నీడల పడే చిన్నచిన్న నెలవంకలు చూపి, వాటిని నాయినమ్మకు కూడ చూపమని పంపు.

"మర మనుషులు వస్తే మా నాయన పని పోతదా?" అని ఎవరన్న అడుగుతరు. అప్పుడు జోకు వెయ్యకు, బిడ్డా. 1934ల మొదలైన మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతపడితే ఎన్ని ఇండ్లు ఆగమైనయో ఈ ఊరు చూసింది. కొన్ని పనులు పోతయి, కొన్ని మారుతయి, ఏవి ఎప్పుడన్నది ఎవ్వరూ ఖాయంగ చెప్పలేరని నిమ్మళంగ చెప్పు. ఆ పిల్లగాని నాయన ఏం పని చేస్తడో అడిగి, అందుల యంత్రం ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో వానితోనే కూసోని రాయించు.

పిల్లలు అడిగిన ప్రశ్నలన్ని ఒక నోట్‌బుక్కుల ఎక్కియ్యి. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకరా, నాకు చదవాలని ఉన్నది.

నీ పెద్దబాపు,
హన్మకొండ