మడత చాకుల మీద పెట్టిన డబ్బు ఆపద వేళ చేతికి వస్తుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో హెచ్-1బీ వీసాపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది హెచ్-4 వీసా, ఆమెకు పని అనుమతి లేదు. ఒక పాప ఉంది. నాలుగేళ్లుగా ఖరీదైన మడత చాకులు సేకరిస్తున్నాను. ఇప్పటికి పదహారు చాకులకు, వాటిలో ఎక్కువ సెబెంజా రకానివే, సుమారు 8,000 డాలర్లు అయింది. క్రెడిట్ కార్డు బాకీ 11,400 డాలర్లు, వడ్డీ 22 శాతం. పొదుపు ఖాతాలో 3,500 డాలర్లు ఉన్నాయి, నెల ఖర్చు 6,000 దాకా ఉంటుంది. ఒక పెద్దాయన తన సేకరణలోని ఆరు చేతి తయారీ చాకులను 9,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. 401(కె), అంటే కంపెనీ ద్వారా నడిచే నా రిటైర్మెంటు పొదుపు ఖాతా, నుంచి అప్పు తీసుకొని కొనాలనుకుంటున్నాను, ఆ వడ్డీ తిరిగి నా ఖాతాకే చేరుతుంది కదా. వీటి ధరలు పెరుగుతాయని సేకర్తలు అంటున్నారు. ఈ చాకులకు అంత ధర తగినదేనా?

జవాబు: చాకుల స్థానంలో చేతి గడియారాలనో కెమెరా లెన్సులనో పెట్టి ఇదే లెక్క రాసి పంపే పాఠకులు చాలామంది ఉన్నారు. ఇష్టంతో కొన్న వస్తువును ఆస్తి పద్దులో రాసుకోవడం, ఆ పద్దును చూపించి అప్పుకు సిద్ధపడడం వారందరిలోనూ కనిపిస్తున్న పొరపాటు. అందువల్లనే మీ ప్రశ్నకు కాస్త విపులంగా జవాబు రాస్తున్నాను.

ముందుగా చాకు సంగతి. మీ సేకరణలో ఎక్కువగా ఉన్నాయని మీరు రాసిన సెబెంజా చాకులను ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో క్రిస్ రీవ్ సంస్థ తయారుచేస్తుంది. టైటానియం పిడిలోంచే కోసి తీసిన పట్టీ ఒకటి, చాకు తెరుచుకోగానే బ్లేడు వెనుకకు వచ్చి ఆనుకొని, అది మళ్లీ మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. ఇప్పుడు వస్తున్న సెబెంజా 31లో ఆ పట్టీ కొసన చిన్న సెరామిక్ గోళీ ఉంటుంది, బ్లేడును తాకేది ఆ గోళీయే. ఇరుసు మరను చివరిదాకా బిగించినా బ్లేడు బిగుసుకుపోదు, ఎందుకంటే ఇరుసు చుట్టూ ఉండే బుషింగ్ అనే చిన్న గొట్టాన్ని అంత కచ్చితమైన కొలతకు తీస్తారు. ఇంత పనితనానికి 400 డాలర్లకు పైగా ధర ఉండడంలో మోసమేమీ లేదు. రోజూ జేబులో పెట్టుకొని ఇరవై ఏళ్లు వాడుకునే మనిషికి, బాకీలు లేని మనిషికి, అటువంటి చాకు ఒకటి తగిన కొనుగోలే అంటాను. పని మాత్రమే చూసుకుంటే, ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్ చాకు చెక్క పిడితో ఇప్పటికీ 20 డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది, దాని పలుచని బ్లేడు యాపిల్ కోయడంలో దేనికీ తీసిపోదు. మిగిలిన ధరంతా పనితనానికి, పేరుకు, చేతిలో పట్టుకున్నప్పుడు కలిగే తృప్తికి మీరు చెల్లిస్తున్నది. ఆ తృప్తిని నేను తక్కువ చేయడం లేదు, కానీ దానిని తిరిగి అమ్మలేము.

ధరలు పెరుగుతాయన్న మాట కొన్నింటి విషయంలో నిజమే. చేతితో పరిమితంగా తయారుచేసే పేరున్న పనివారి చాకులకు అటువంటి గిరాకీ ఉంటుంది. అయితే కర్మాగారంలో ఏటా తయారయ్యే రకాలకు ఆ వాదన వర్తించదు, మీ పదహారింటిలో అత్యధికం అవే. పైగా ఈ రంగంలో ఉక్కు మారుతూనే ఉంటుంది. 2000ల ఆరంభంలో ఎస్30వీ అనే రకం ఉక్కు గొప్పదన్నారు, 2009లో ఎస్35వీఎన్ వచ్చింది, పదేళ్లకు ఎస్45వీఎన్, 2021లో మాగ్నాకట్ వచ్చాయి. నిన్న అత్యుత్తమమన్నది ఇవాళ పాత రకం అవుతుంది. అమ్మబోతే పెట్టె ఉందా, తయారీ తేదీ వేసిన కార్డు ఉందా, ఒక్కసారైనా సానబట్టారా అని కొనేవారు అడుగుతారు, జవాబును బట్టి ధర తగ్గిస్తారు. అమ్మకపు రుసుము, బీమాతో పంపే ఖర్చు మీవే. లాభం వస్తే పన్ను ఉంది, సొంత వాడకానికి కొన్న వస్తువు మీద నష్టం వస్తే ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోవడానికి వీలులేదు. బంగారమైతే ఏ ఊళ్లోనైనా ఆ పూటే డబ్బు చేతికొస్తుంది. చాకుకు కొనేవాడు దొరికేదాకా ఎదురుచూడాలి.

ఆ ఎదురుచూపు ఎప్పుడు వస్తుందో ఆలోచించండి. ఈ చాకులు కొనేవారిలో చాలామంది మీలాగే మంచి జీతాల మీద ఆధారపడినవారు. మీ రంగంలో ఉద్యోగాలు పోయే రోజున మీరు అమ్మకానికి పెడతారు, వారిలోనూ కొందరు అమ్మకానికి పెడతారు, మిగిలినవారు కొనడం మానేస్తారు. మీకు డబ్బు అత్యవసరమైన నెలే మీ సేకరణకు ధర అతి తక్కువ పలికే నెల అవుతుంది.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టిన అంకె 3,500. నెలకు 6,000 ఖర్చయ్యే ఇంట్లో అది పద్దెనిమిది రోజులకు కూడా సరిపోదు. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే దొరికే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపల మరొక సంస్థ మీ కోసం దరఖాస్తు చేయాలి, లేదా మీరు వేరే వీసా హోదాకు మారేందుకు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. మీ భార్య, పాప హోదా కూడా మీ హోదాతోనే ముడిపడి ఉంది. కోబ్రా అనే చట్టం కింద కంపెనీ ఆరోగ్య బీమాను 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు, కానీ అంతకుముందు కంపెనీ భరించిన వాటా కూడా కలిపి ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. అపార్ట్‌మెంటు ఒప్పందాన్ని మధ్యలో వదిలితే రుసుము ఉంటుంది. ముగ్గురికి హైదరాబాదుకు టికెట్లు, సామాను తరలింపు, అక్కడ కుదురుకునేదాకా ఖర్చు, ఇవన్నీ ఆ రెండు నెలల మీదనే పడతాయి. ఇటువంటి స్థితిలో ఉన్న కుటుంబానికి మూడు నెలల అత్యవసర నిధి చాలదని, ఆరు నెలల ఖర్చు, అంటే మీ లెక్కలో 36,000 డాలర్లు, తప్పనిసరి అని నా అభిప్రాయం. అమెరికా పౌరులకు ఇచ్చే సలహాను మీరు మీకు వర్తింపజేసుకోకండి.

ఇక 401(కె) అప్పు. వడ్డీ నాకే వస్తుందన్న మాట వినీ వినీ విసిగిపోయాను. అప్పుగా తీసిన 9,000 డాలర్లు ఆ కాలమంతా మార్కెట్టు బయట ఉంటాయి. ఐదేళ్లలో తీర్చవచ్చన్న వెసులుబాటు చాలా సంస్థల్లో మీరు ఆ ఉద్యోగంలో ఉన్నంతవరకే. ఉద్యోగం వదిలినా, పోయినా, మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా సర్దకపోతే ఆ మొత్తాన్ని మీ ఆదాయంగా లెక్కిస్తారు, దాని మీద పన్నుతో పాటు 10 శాతం జరిమానా పడుతుంది. జీతం ఆగిపోయిన ఏడాదిలో చాకుల కోసం ఈ భారాన్ని మీరే నెత్తికెత్తుకుంటున్నారు. పైగా మీ కార్డు బాకీ మీద నెలకు సుమారు 209 డాలర్లు వడ్డీకే పోతున్నాయి. అది రెండు నెలల్లో దాదాపు ఒక సెబెంజా ఖరీదు. ఈ లెక్క ముందున్న మనిషి మరొక అప్పు గురించి ఆలోచించకూడదు, ఎవరి ఖాతాకు వడ్డీ చేరినా సరే.

పదహారింటిలో మీరు నిజంగా వాడేవి, ఎంతకైనా అమ్మనన్నవి మూడు ఎంచుకోండి. మిగిలిన పదమూడింటిని ఉద్యోగం ఉన్న ఇప్పుడే, తొందర లేకుండా, ఒక్కొక్కటిగా అమ్మండి. వాటికి పెట్టిన సుమారు 6,500 డాలర్లలో 70 శాతమే తిరిగొచ్చినా 4,500 దాటుతుంది. అందులో 2,500 డాలర్లతో పొదుపు ఖాతాను ఒక నెల ఖర్చుకు చేర్చి, మిగిలినది కార్డుకు కట్టండి. బాకీ అంతా తీరాకే నిధి మొదలుపెడతాననకండి, ఎందుకంటే ఉద్యోగం పోయిన నెలలో కార్డు పరిమితిని తగ్గించే హక్కు బ్యాంకుకు ఉంది. ఆ తర్వాత ప్రతి నెలా మిగిలేదంతా బాకీకి, బాకీ తీరిన నెల నుంచి అంతే మొత్తం నిధికి వెళ్లాలి. నిధి కనీసం సగానికి, అంటే 18,000కు చేరేదాకా కొత్త చాకు ఏదీ కొనవద్దు. అది దాటాక నెలకు 100 డాలర్లు వేరే ఖాతాలో దాచుకొని, ఆ నగదుతోనే కొనుక్కోండి.

కంపెనీ జీవిత బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక సొంతంగా ఒక టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 401(కె)లో కంపెనీ తన వాటాను పూర్తిగా జతచేయడానికి అవసరమైనంత చందా కట్టడం ఆపకండి.

ఆ పెద్దాయన బేరం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. కొనలేనని ఈ వారంలోనే ఆయనకు మర్యాదగా తెలియజేయండి, అలాగే మీ పదమూడు చాకులను ఎవరికి చూపితే తగిన ధర వస్తుందో ఆయననే అడగండి. ఇన్నేళ్లు సేకరించిన మనిషికి కొనేవారెవరో మీకంటే బాగా తెలిసి ఉంటుంది.