విత్తనాలు, టీకాలు పంచేవారికి సంఘర్షణ విశ్లేషణతో పనేమిటి? అబియే అనుభవం నుంచి ఒక జవాబు

వ్యవసాయ డిగ్రీ పూర్తి చేసి, దక్షిణ సూడాన్‌లో ఒక సహాయ సంస్థ తరఫున విత్తనాల పంపిణీ చూసే ఉద్యోగంలో చేరబోతున్నానని మీరు రాశారు. నియామక పత్రంలో ‘సంఘర్షణ విశ్లేషణ ఆధారంగా పంపిణీ ప్రణాళిక రూపొందించాలి’ అని, అంటే అక్కడ ఎవరికి ఎవరితో, దేని మీద, ఎప్పుడు తగవు వస్తుందో, మన పని దాన్ని పెంచుతుందో తగ్గిస్తుందో ముందే చూసుకోవాలని ఉందని, ఇది రాజకీయాలు చదువుకున్నవారి పని కదా, కాగితాల కోసం చేసే తంతు కాదా, పొలంలో దీనివల్ల ఒరిగేదేమిటి అని అడిగారు.

నేను పశువైద్యుణ్ణి. సూడాన్‌కూ దక్షిణ సూడాన్‌కూ నడుమ ఉన్న అబియే ప్రాంతంలో పశువులకు టీకాలు వేయించే ఒక కార్యక్రమంలో పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: సంఘర్షణ విశ్లేషణ తప్పకుండా పనికొస్తుంది, అయితే అది మీ పథకంలో ఒక తేదీనో, ఒక చోటునో, ఇచ్చే వస్తువునో, పంచే మనిషినో మార్చగలిగినప్పుడు మాత్రమే పనికొస్తుంది. ఆ దేశ చరిత్రను అరవై పేజీల్లో చెప్పి, చివరికి పంపిణీ పట్టికలో ఒక్క గడిని కూడా కదిలించలేని నివేదికలు నేను చాలా చూశాను. వాటిని చదివిన తరువాతే మీకు ఈ సందేహం కలిగి ఉంటే అందులో మీ తప్పేమీ లేదు.

మొదట అసలు కారణం చెబుతాను. యుద్ధంలో నలిగిన జిల్లాలో జీతాలు, గోదాముల అద్దె, లారీల కిరాయి, ధాన్యం, మందులు అన్నీ కలిపి చూస్తే, అక్కడ చేతికి అందే సంపదలో పెద్ద భాగం తరచుగా సహాయ సంస్థలదే అవుతుంది. అంత సంపద కళ్లెదుట ఉన్నప్పుడు దాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూసేవారు కూడా ఉంటారు. 1994 జులైలో రువాండా నుంచి లక్షల మంది కొద్ది రోజుల్లోనే సరిహద్దు దాటి, నాటి జైర్ (నేటి కాంగో) లోని గోమా చేరినప్పుడు, శిబిరాల్లో రేషన్ పంపిణీ పాత స్థానిక అధికారుల చేతుల మీదుగా సాగింది. వారిలో అనేకులు అంతకుముందు నెలల్లో జాతి సంహారాన్ని నడిపించినవారే. జనం లెక్క పెంచి చూపి, మిగిలిన ధాన్యాన్ని అమ్ముకుని, ఆ ధాన్యంతోనే శిబిరాలపై తమ పట్టు నిలుపుకున్నారు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థలోని ఫ్రెంచి విభాగం ఆ ఏడాది నవంబరులో అక్కడి నుంచి తప్పుకుంది. సహాయం వల్ల హాని జరగకుండా చూసుకోవాలన్న నియమం ఈ రంగంలో గట్టిగా వేళ్లూనుకున్నది ఆ దశాబ్దంలోనే.

ఇక అబియే సంగతి. సుమారు 10,500 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతం ఏ దేశానిదో నేటికీ తేలలేదు. సూడాన్ ప్రభుత్వానికీ దక్షిణాది తిరుగుబాటుదారులకూ మధ్య కుదిరిన 2005 శాంతి ఒప్పందం ప్రకారం జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ జరగనేలేదు. 2009లో హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఎల్లలు నిర్ణయించింది కానీ ఆ తీర్పుతో తగవు తెగలేదు. 2011 మే నెలలో సూడాన్ సైన్యం పట్టణాన్ని ఆక్రమించడంతో జనం దక్షిణానికి పారిపోయారు. ఆ జూన్‌లోనే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అక్కడికి ఒక శాంతి దళాన్ని ఏర్పాటు చేసింది. చాలాకాలం ఆ దళంలో ఇథియోపియా సైనికులే ఉండేవారు. ఇప్పుడు మన దేశపు సైనికులు కూడా ఉన్నారు, 2023లో మన మహిళా సైనికుల దళం కూడా అక్కడికి వెళ్లింది. అక్కడ స్థిరంగా ఉండేవారు ఎన్గోక్ డింకాలు. జొన్న, నువ్వులు పండిస్తారు, ఆవులను పెంచుతారు, పెళ్లిలో ఓలిగా ఇచ్చేది కూడా ఆవులనే. మిస్సెరియాలు ఉత్తరం నుంచి వచ్చే పశుపోషకులు. వానలు వెనకబట్టాక మందలతో దక్షిణానికి దిగి, వేసవి అంతా కీర్ నది నీటి మీద, ఆ ఒడ్డు పచ్చిక మీద ఆధారపడి, మళ్లీ వానలు మొదలయ్యే వేళకు ఉత్తరానికి మళ్లుతారు.

పాలమూరు నుంచి గొర్రెల మందలతో కృష్ణా, గుంటూరు జిల్లాల వైపు వలస వెళ్లే కాపరులను చూసినవారికి ఇందులో ఒక విషయం వెంటనే అర్థమవుతుంది. కోత అయిన మడిలో మంద పెట్టించుకోవడానికి రైతు తానే కాపరిని పిలుస్తాడు. పైరు నిలిచి ఉన్నప్పుడు అదే మంద గట్టెక్కితే కర్ర తీస్తాడు. మనిషీ మందా మారలేదు, మారింది తేదీ ఒక్కటే. అబియేలోనూ అంతే, కాకపోతే అక్కడ చేతిలో ఉండేది తుపాకీ. అందువల్ల అక్కడ సంఘర్షణ విశ్లేషణ అంటే నా దృష్టిలో ముందుగా ఒక పంచాంగం. ఏ నెలలో మంద ఎక్కడ ఉంటుంది, ఏ నెలలో జొన్న ఏ ఎత్తున ఉంటుంది, ఏ మడుగు ఎప్పుడు ఎండుతుంది, ఏ దారి ఎప్పుడు బురదై మూసుకుపోతుంది అన్నది తెలిశాకే మిగతావన్నీ.

అక్కడ పశువులకు వచ్చే అంటు ఊపిరితిత్తుల వ్యాధి, గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ వంటి రోగాలు కూడా తగవులో భాగమే. 2011 తరువాత అబియేలో ప్రభుత్వ పశువైద్య సేవలు దాదాపు లేకుండా పోయాయి. ఉత్తరపు మందలు రోగాలు తెస్తున్నాయని డింకాలు, ఇక్కడి పచ్చికలో దిగినందువల్లే తమ ఆవులు పోతున్నాయని మిస్సెరియాలు అనుకునేవారు. ఇటువంటి చోట టీకాల కార్యక్రమం ఒక వర్గంతోనే ఆగిపోతే, అది వ్యాధి నివారణగా కూడా విఫలమవుతుంది, ఎందుకంటే ఒకే మడుగులో నీళ్లు తాగే మందల్లో సగానికే రక్షణ ఉంటుంది. దానికి తోడు, అవతలి వర్గానికి అది ఒక రాజకీయ ప్రకటనలా కనబడుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇక్కడ చేసిన పని విలువ ఇక్కడే ఉంది. ఆ సంస్థ రెండు వైపుల పశువులకూ టీకాలు వేయించింది, రెండు వర్గాల నుంచీ యువకులను ఎంపిక చేసి పల్లె పశు ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దింది, ఆ పని కోసం మొదలైన మాటలను పచ్చిక గురించి, దారి గురించి మాట్లాడుకునే దాకా తీసుకువెళ్లింది. 2016లో రెండు వర్గాల పెద్దలు స్థానికంగా ఒక ఒప్పందానికి వచ్చారు. ఉమ్మడి శాంతి సంఘం పర్యవేక్షణలో, రెండు వర్గాలూ కలిసి వ్యాపారం చేసుకునే అమియెత్ సంత నడవసాగింది. టీకాల వల్లే శాంతి వచ్చిందని నేను అనను. రాని నమ్మకాన్ని టీకా తెచ్చిపెట్టదు, కానీ ఇద్దరికీ అవసరమైన వస్తువు ఒకటి బల్ల మీద ఉంటే ఇద్దరూ కూర్చోవడానికి ఒక సాకు దొరుకుతుంది.

దగ్గర నుంచి చూసిన ఒక విషయం చెబుతాను. టీకాలు వేసే చోట, కర్రలు పాతి కట్టిన ఇరుకు దారిలోకి ఆవులను ఒక్కొక్కటిగా తోలుతారు. పేడ పొగ, బూడిద, కాపరుల కేకల నడుమ ఒకడు సూది వేస్తాడు, మరొకడు వీపు మీద రంగు పూస్తాడు, ఇంకొకడు రిజిస్టరులో రాస్తాడు. మాకు ఇచ్చిన రిజిస్టరులో యజమాని పేరు, మంద మకాం, పశువుల సంఖ్య, ఫోనులో నమోదయ్యే స్థల సూచిక అనే గడులు ఉన్నాయి. దాతలకు లెక్క చెప్పడానికి అవన్నీ కావాలి. ఒక డింకా పెద్దాయన, తన మంద ఎన్ని అని అడిగినప్పుడల్లా నవ్వి మాట మార్చేవాడు. మా దుభాషి పక్కకు పిలిచి వివరించాడు: ఎవరి దగ్గర ఎన్ని ఆవులున్నాయో, అవి ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాయో రాసి ఉన్న కాగితం దొంగతనానికి వచ్చేవాడికి పటం గీసి ఇచ్చినట్టే. ఆ సాయంత్రమే మా బృందం గడులు మార్చింది. యజమానివారీ లెక్క తీసేసి, ఆ రోజు ఆ చోట వాడిన మోతాదుల మొత్తం మాత్రమే రాశాం. స్థల సూచికను మంద మకాం దగ్గర కాక టీకా వేసిన చోటనే తీసుకున్నాం. మూడు నెలల తరువాత తనిఖీకి వచ్చిన అధికారి వివరాలు తక్కువగా ఉన్నాయని అభ్యంతరం చెప్పినా, కారణం రాసి ఇచ్చాక ఒప్పుకున్నాడు. మీరు విత్తనాలు పంచినా ఇదే వర్తిస్తుంది. లబ్ధిదారుల జాబితా ఎవరి కంప్యూటరులో ఉంటుంది, ఎవరికి పంపుతారు, అది తప్పుడు చేతికి చిక్కితే ఏమవుతుంది అన్నది విశ్లేషణలో మొదటి పేజీలో ఉండవలసిన విషయం.

విత్తనాల గురించి ప్రత్యేకంగా అడిగారు కనుక, నాకు బాగా తెలిసిన ఒక చిక్కు చెబుతాను. వేసవిలో నది ఒడ్డున స్త్రీల సంఘాలకు కూరగాయల విత్తనాలు, చిన్న పంపు సెట్లు ఇవ్వడం కాగితం మీద ఎంతో బాగుంటుంది. పోషకాహారం, స్త్రీల ఆదాయం, తక్కువ ఖర్చు, అన్నీ కలిసొస్తాయి. అయితే ఆ ఒడ్డే మందలు నీటికి దిగే రేవు. మడులు వేసి ముళ్ల కంచె కట్టగానే తరతరాల రేవు మూసుకుపోతుంది, రాత్రి పూట ఆవులు కంచె తొక్కుతాయి, తెల్లారేసరికి తగవు మొదలవుతుంది. నేరం పశువుదో తోటదో తేల్చలేం, ఎందుకంటే ఆ స్థలాన్ని తోటగా మార్చింది పథకమే. దీనికి పరిష్కారం విత్తనాలు మానేయడం కాదు. రెండు వర్గాల పెద్దలతో కలిసి ఆ ఒడ్డు వెంట నడిచి, రేవులను వదిలి మడులు వేయడం, పంపు గొట్టం పొడుగు పెంచి తోటను లోపలికి జరపడం, రేవుకు వెళ్లే దారి వెడల్పును అందరి ముందు అడుగులతో కొలిచి ఒప్పించడం. గొట్టానికి అయ్యే అదనపు ఖర్చు బడ్జెట్టులో ముందే ఉండాలి, లేకపోతే విశ్లేషణ చేసినా ఏమీ చేయలేరు.

ఆకలి కాలంలో విత్తనం ఇస్తే జనం దాన్ని వండుకుని తింటారన్నది మీకు తెలిసే ఉంటుంది; అందుకే విత్తనంతో పాటు తినడానికి ధాన్యం కూడా ఇస్తారు. ఆ ధాన్యం విషయంలో దూరం ప్రాణాంతకం కావచ్చు. 2018 నవంబరు చివర, దక్షిణ సూడాన్‌లోని బెంటియు దగ్గర ఆహార పంపిణీకి నడిచి వస్తున్న స్త్రీల మీద దారిలో దాడులు జరిగాయి. పది రోజుల్లో 125 మందికి చికిత్స చేశామని సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ప్రకటించింది. పంపిణీ కేంద్రం ఎక్కడ, ఎన్ని గంటలు నడవాలి, సంచి బరువెంత, చీకటి పడకముందే ఇల్లు చేరగలరా అన్న ప్రశ్నలను రవాణా విభాగానికి వదిలేయవద్దు. సంచి చిన్నదై, కేంద్రం దగ్గరైతే లారీ ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టవలసిందేనని మీరు వాదించాలి. 2018 మే నెలలో భద్రతా మండలి చేసిన 2417 తీర్మానం ఆకలిని యుద్ధ సాధనంగా వాడటాన్ని ఖండించింది. అటువంటి పెద్ద మాటలు కింద అమలయ్యేది ఇటువంటి చిన్న నిర్ణయాల్లోనే అని నా నమ్మకం.

ఈ విశ్లేషణ కోసం ఎవరిని అడగాలి అన్నది తరువాతి ప్రశ్న. పెద్దలను మాత్రమే అడిగితే పెద్దల సంఘర్షణ మాత్రమే తెలుస్తుంది. మందతో రాత్రులు గడిపే కుర్రవాళ్లను, నీటికి వెళ్లే స్త్రీలను, సంతలో చక్కెర, ఉప్పు అమ్మే వ్యాపారులను విడివిడిగా అడగండి. వ్యాపారికి దారుల గురించి తెలిసినంత ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఏ దారి చెడినా మొదట నష్టపోయేది అతడే. ‘ఎవరు మీ శత్రువులు’ అని అడగవద్దు. ‘పోయిన వేసవిలో మీ ఆవులు ఎక్కడ నీళ్లు తాగాయి, ఈసారి అక్కడికి ఎందుకు వెళ్లడం లేదు’ అని అడిగితే మీకు కావలసినదంతా అందులోనే వస్తుంది. దుభాషి ఏ వర్గం వాడు, డ్రైవరు ఏ భాష మాట్లాడతాడు, గోదాము ఎవరి ఇంటి స్థలంలో ఉంది అన్నవి కూడా జనం గమనిస్తారు. పరాయి దేశస్థులం కనుక మనల్ని ఏ పక్షమూ కాదనుకుంటారన్న భ్రమ వద్దు. మనం ఎవరి నోటితో మాట్లాడుతున్నామో వారి పక్షమనే అనుకుంటారు. స్థానిక సహోద్యోగులు చెప్పినదాన్ని రాసేటప్పుడు వారి పేర్లు రాయకండి. మనకు విమానం ఎక్కే వీలుంటుంది, వారు అక్కడే ఉండాలి.

ఒకసారి చేసిన విశ్లేషణ ఎల్లకాలం చెల్లదన్నది కూడా అబియేలోనే తేటతెల్లమైంది. ఏళ్ల తరబడి అందరి దృష్టీ డింకా, మిస్సెరియా గీత మీదే ఉండగా, 2022 ఫిబ్రవరిలో ఎన్గోక్ డింకాలకూ దక్షిణాన ఉన్న ట్విక్ డింకాలకూ మధ్య, అనీత్ సంత ఉన్న భూమి ఎవరిదన్న తగవు పెద్ద పోరాటమైంది. అగోక్ పట్టణం నుంచి దాదాపు లక్ష మంది నిరాశ్రయులయ్యారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలవడంతో ఉత్తరం నుంచి వచ్చే సరుకు దారులు, వచ్చే మనుషులు కూడా మారారు. అందుకని కనీసం ఏడాదికి రెండుసార్లు, మందలు దిగకముందు ఒకసారి, అవి తిరిగి వెళ్లకముందు మరొకసారి, మీ విశ్లేషణను తిరగరాయండి. ఆహార, వ్యవసాయ సంస్థ, శాంతి స్థాపన కోసం పనిచేసే ఇంటర్‌పీస్ అనే సంస్థ కలిసి రూపొందించిన ‘ప్రోగ్రామ్ క్లినిక్’ అనే పద్ధతి ఉంది. అందులో బయటి నిపుణుడు కాక స్థానిక సిబ్బందే కూర్చుని, పథకంలోని ఒక్కొక్క పనిని తీసుకుని అది ఏ తగవును పెంచగలదు, ఏ బంధాన్ని బలపరచగలదు అని చర్చిస్తారు. మీ సంస్థ దాన్ని వాడకపోయినా ఆ తీరులో ఒక పూట కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చేరేముందు మీ పై అధికారిని రెండు విషయాలు అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పంపిణీ చోటునూ తేదీనీ క్షేత్రస్థాయిలోనే మార్చే అధికారం మీకు ఉంటుందా? భద్రత కోసం పంపిణీ ఆపితే, ఆర్థిక సంవత్సరం ముగిసినా ఆ నిధులు నిలిచి ఉంటాయా? రెండింటికీ లేదన్న జవాబే వస్తే, విశ్లేషణ మొదలుపెట్టే ముందు వాటి కోసమే పోరాడండి. దక్షిణ సూడాన్ రాజధాని జూబా చేరాక మీ ప్రాంతం ఏదో రాస్తే, అక్కడి పంటల, మందల పంచాంగం తయారు చేసుకోవడంలో నాకు తెలిసినంత సాయం చేస్తాను.