దద్దుర్లకు ఏం రాయాలో తర్వాత, ముందు ఆ చొక్కా ఉతకండి

కలుపు పీకిన మర్నాడు చేతుల నిండా దద్దుర్లొచ్చాయి, ఇంట్లో ఏం రాసుకుంటే తగ్గుతుంది అని అడిగారు. ఇలా అడిగితే చాలు, నిమ్మరసం, టూత్‌పేస్టు, ఉప్పునీళ్లు అంటూ తలా ఒకటి చెప్పేస్తారు. మూడు వారాలు ఈ బాధ పడ్డవాణ్ణి, నా మాట వినండి. పూతల సంగతి తర్వాత, ముందు ఏమేం కడగాలో చూసుకోండి.

మా ఇంటి వెనక ఖాళీ జాగాలో వయ్యారిభామ అనే కలుపు మొక్క నడుమెత్తు పెరిగేది. ప్రతి ఏడూ నేనే పీకేవాణ్ణి, అదీ ఉత్త చేతులతో. ఏడేళ్లు ఏమీ కాలేదు. ఎనిమిదో ఏడు, పీకిన రెండో రోజు పొద్దున్న లేస్తే కుడి కన్ను తెరుచుకోలేదు, రెప్ప అంతలా ఉబ్బింది. మెడ చుట్టూ కాలర్ తగిలే చోట గీత గీసినట్టు ఎర్రగా ఉంది, మోచేతి మడతల్లో సన్నటి నీటి పొక్కులు, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని దురద. ఆ మొక్కలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే ఒకనాటికి ఒంటికి పడకుండా పోవచ్చు, ఇక ఆ తర్వాత కాస్త దుమ్ము సోకినా చాలు. కాబట్టి 'నాకెప్పుడూ ఏం కాలేదు' అనే ధైర్యం పెట్టుకోవద్దు. పైగా ఇది వెంటనే పైకి కనబడదు, ఒకటి రెండు రోజులాగి వస్తుంది, అప్పటికి మనం మొక్క సంగతి మర్చిపోయి కొత్త సబ్బునో నిన్న తిన్నదాన్నో అనుమానిస్తుంటాం.

వారానికి తగ్గుముఖం పట్టింది. హమ్మయ్య అనుకున్న రెండు రోజులకే మళ్లీ మెడ మీద, మళ్లీ అవే పొక్కులు. నాకు టెన్షన్ మొదలైంది, రక్తంలోకి వెళ్లిందేమో అని. మా ఆవిడే అడిగింది, "ఆ రోజు వేసుకున్న చొక్కా ఉతికారా అసలు?" అని. ఉతకలేదు. తలుపు వెనక కొక్కేనికే ఉంది, మధ్యలో ఒకసారి మొక్కలకు నీళ్లు పోయడానికి మళ్లీ అదే తొడుక్కున్నాను. కిటికీ దగ్గర పట్టుకుని చేతి మడత విప్పితే, లోపల ఎండిన ఆకు నలుసులు, ఆవగింజల కన్నా చిన్న తెల్లపూల పొట్టు, దులిపితే వెలుగులో లేచిన సన్నటి దుమ్ము. ఆ రోజే చొక్కా, తువ్వాలు, దిండు గలీబు, చెప్పులు, పార పిడి, ఆఖరికి ఫోన్ కవర్ కూడా సబ్బుతో కడిగేశాం. ఆ తర్వాత కొత్త పొక్కు ఒక్కటీ లేవలేదు.

నల్లజీడి, జీడిమామిడి, మామిడి సొన లాంటివి తగిలితే ఇంకా తొందరపడాలి. అది జిడ్డు, చర్మానికి త్వరగా పట్టేస్తుంది. పది పదిహేను నిమిషాల్లోపు సబ్బుతో ధారగా కడిగితేనే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా కడగండి, కనీసం గోళ్ల కింద ఉన్నదైనా పోతుంది. ఈ జాతి చెట్ల కొమ్మలు తగలబెట్టకండి, పొగ పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. దూలగొండి సంగతి వేరు, అక్కడ గుచ్చుకునేవి నూగు వెంట్రుకలు, రుద్దితే ఇంకా లోపలికి దిగుతాయి. ముందు ప్లాస్టర్ టేపు అంటించి మెల్లగా లాగాలి, టేపు మీద గోధుమరంగు నూగు కనబడుతుంది, ఆ తర్వాతే నీళ్లు.

నాకు ఉపశమనం ఇచ్చినవి రెండే. చల్లటి తడిగుడ్డ పావుగంట చొప్పున రోజుకు నాలుగైదు సార్లు, ఆపైన కాలమైన్ లోషన్. గోళ్లు పొట్టిగా కత్తిరించుకున్నాను. నిమ్మరసం రాసి ఎండలోకి మాత్రం వెళ్లకండి, చర్మం కాలినట్టు మచ్చలు పడతాయి. ఇంకో విషయం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. మందుల షాపులో అడిగితే ఏదో కలగలుపు ట్యూబు చేతిలో పెట్టారు, ముఖానికి రాసుకోవచ్చా అంటే నిక్షేపంగా అన్నారు. అందులో గట్టి స్టెరాయిడ్ ఉందని తర్వాత డాక్టర్ చూసి చెబితేగానీ తెలియలేదు. ముఖం మీద చర్మం పల్చగా ఉంటుంది, అలాంటివి వాడుతూ పోతే ఇంకా పల్చబడిపోతుంది. చీటీ లేకుండా అలా ఎలా ఇస్తారండీ?

ఇక చుట్టాలు. పొక్కుల్లో రసి తగిలితే అంటుకుంటుందని పిల్లల్ని నా దగ్గరికి రానివ్వలేదు. రసి వల్ల ఎవరికీ అంటదు, మన ఒంటి మీద కూడా పాకదు. మొక్క తాలూకు జిడ్డో దుమ్మో మిగిలి ఉంటేనే కొత్త చోట వస్తుంది. ఇది తెలియక మనిషిని దూరం పెట్టడం దురద కన్నా ఎక్కువ బాధపెట్టింది నన్ను.

కళ్లు, పెదాలు ఉబ్బినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం ఆపి డాక్టర్‌కు చూపించండి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. జిల్లేడు పాలు కంట్లో పడితే వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, ఆ తర్వాత కంటి డాక్టర్ దగ్గరికి. మీవి చేతుల మీద దద్దుర్లే కాబట్టి గాభరా పడక్కర్లేదు, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. కలుపు పీకిన రోజు బట్టలు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి.