ధనుష్కోడికి మళ్ళీ రైలు ఎందుకు వెయ్యలేదు?

ప్రశ్న: మొన్న రామేశ్వరం వెళ్ళినప్పుడు ధనుష్కోడిలో పాడుబడ్డ రైల్వే స్టేషన్ చూశాం. 1964 తుపానులో, రామేశ్వరం దీవికి రైలు వెళ్ళే పాంబన్ వంతెన కూడా దెబ్బతిందట కదా. దాన్ని బాగుచేసినవాళ్ళు ఈ లైనును ఎందుకు వదిలేశారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, నా సర్వీసంతా పట్టాల మరమ్మతుల్లోనే గడిచింది. మీరడిగింది నేనూ చాలాకాలం ఆలోచించిన విషయమే.

ఆ మొండిగోడలు చూస్తే ఏదో పల్లెటూరి స్టేషన్ అనిపిస్తుంది. కానీ అది ఓడ కోసం పుట్టిన స్టేషన్. 1914లో పాంబన్ వంతెన మీద రాకపోకలు మొదలయ్యాక, మద్రాసు ఎగ్మూరులో బయలుదేరిన బోట్ మెయిల్ రైలు దీవి కొసనున్న ధనుష్కోడి దాకా వచ్చేది. అక్కడ స్టీమరెక్కి సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటితే శ్రీలంక రేవు తలైమన్నార్. అక్కణ్ణుంచి కొలంబోకు మళ్ళీ రైలు. ఈ రాకపోకల మీదే కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, బడి ఉన్న ఊరు బతికింది. అక్కడి చర్చి గోడల్ని మీరు దగ్గరగా చూశారో లేదో, ఆ రాళ్ళ నిండా సన్నటి బెజ్జాలుంటాయి. అవి సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాళ్ళు.

1964 డిసెంబరు 22 అర్ధరాత్రి పాంబన్ నుంచి వచ్చిన 653 నంబరు ప్యాసింజరుకు ధనుష్కోడి దగ్గర సిగ్నల్ అందలేదు. కాసేపు ఆగి, కూత వేసి, డ్రైవరు బండిని కదిలించాడు. ఉప్పెన బండిని మింగేసింది. నూరుమందికి పైగా పోయారు. డ్రైవరుదే తప్పనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ సన్నటి ఇసుక నేల మీద ఆగినా, కదిలినా రెండు పక్కలా సముద్రమే.

ఇక వంతెన సంగతి. స్తంభాల మీద పట్టాలను మోసే ఇనుప దూలాలు, అంటే గర్డర్లు, 145లో 126 కొట్టుకుపోయాయి. ఓడలకు దారిచ్చే మధ్యభాగం నిలబడింది. నీళ్ళలో పడ్డ గర్డర్లను వెతికి, పైకి లాగి, మళ్ళీ అమర్చి, రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ బృందం 46 రోజుల్లో వంతెనను నిలబెట్టింది. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అంతటివాళ్ళకు ధనుష్కోడి లైను వెయ్యడం చేతకాక కాదు. వంతెన అవతల రామేశ్వరం ఉంది, గుడి ఉంది, యాత్రికులున్నారు. ధనుష్కోడిలో ఊరూ పోయింది, రేవూ పోయింది. నివాసానికి పనికిరాదని ప్రభుత్వమే తేల్చింది. స్టీమరును రామేశ్వరం నుంచే నడిపారు. 1980ల్లో శ్రీలంక గొడవలతో అదీ ఆగిపోయింది. ఓడే లేనప్పుడు ఇక ఆ లైను ఎవరికి?

2019లో రామేశ్వరం నుంచి ధనుష్కోడికి కొత్త లైనుకు శంకుస్థాపన చేశారు. నన్నడిగితే ముందు ఆ గోడలు కూలకుండా చూడాలి. 653 బండిలో పోయినవాళ్ళ కథ చెప్పే పలక అక్కడ తెలుగులోనూ ఉండాలి. మనవాళ్ళు ఏటా ఎంతమంది వెళ్తున్నారో మీరే చూశారుగా.